ముడుపు కట్టే లెక్క: సంపాదనలో మనకెంత, ధర్మానికెంత?

నా చిన్నతనంలో చిత్తూరు దగ్గరి మా పల్లెలో, వెంకటేశ్వరస్వామి పటం వెనక పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒకటి ఎప్పుడూ ఉండేది. ఒక ఏడాది నా పరీక్ష ఫీజుకు నలభై రూపాయలు తక్కువపడ్డాయి. ముడుపులో అంతకు మించే ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ మాత్రం దాని వైపు చూడకుండా పక్కింటి పిన్నమ్మ దగ్గర చేబదులు తెచ్చింది. "అందులో ఉంది కదమ్మా" అన్నాను. "అది మన ఇంట్లో ఉంది కానీ, మన డబ్బు కాదు" అంది.

ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తిరుపతిలో ఒక ఆడిటరు ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మార్చి వచ్చిందంటే జనం విరాళాల రశీదులు పట్టుకుని వస్తారు. పన్ను మాటలు అయిపోయి వెళ్లబోతూ, గుమ్మం దగ్గర ఆగి కొందరు అసలు సంగతి అడుగుతారు: "అక్కా, ఇంతకీ మనలాంటివాళ్లు ఎంత ఇవ్వాలి? ఎంత ఇస్తే మనసుకు నెమ్మది?" అందరికీ సరిపోయే అంకె ఒకటి ఉందని నేను నమ్మను. ఎవరి అంకెను వారు ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పగలను. నెలకు ముప్పై వేల నుంచి లక్ష దాకా వచ్చే ఇళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

రోజూ తేల్చుకోవద్దు, ఏడాదికోసారి తేల్చుకోండి

మిగతా అడుగులన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ముందు ఇక్కడ కాసేపు ఆగుదాం.

మన ఊళ్లో బస్టాండు నుంచి అలిపిరి చేరేలోపు ఎన్ని చేతులు ఎదురవుతాయో లెక్కలేదు. రుయా ఆసుపత్రి దగ్గర సంచి తలకింద పెట్టుకుని పడుకున్న రోగుల బంధువులు కనిపిస్తారు. ఫోను తెరిస్తే ఎవరో పసిబిడ్డ ఫొటో, దాని కింద లక్షల్లో ఆపరేషను ఖర్చు. ప్రతిసారీ మనసులో ఒక పంచాయితీ నడుస్తుంది. ఇస్తే, ఇంట్లో పిల్లల ఫీజు గుర్తొస్తుంది. ఇవ్వకపోతే ఆ ముఖం వెంటాడుతుంది. గాంధీ రోడ్డులో పండక్కి చీర కొనుక్కుని బయటికి వచ్చినా, ఈ డబ్బుతో ఎవరికో నెల మందులు వచ్చేవి కదా అనిపించి ఆ చీర కట్టుకున్న సంతోషమూ మిగలదు.

ఇంత మథనపడ్డా ఇచ్చేది ఎక్కువ ఉంటుందా అంటే అదీ లేదు. 2019లో నా డైరీ ముందు పెట్టుకుని, ఆ ఏడాది నేను ఇచ్చినదంతా కూడి చూశాను. చాలానే ఇచ్చానన్న నమ్మకంతో కూర్చున్నాను. చేతికి వచ్చిన జీతం 3 లక్షల 60 వేలు, ఇచ్చింది 3,400. వందకు ఒక్క రూపాయి కూడా కాలేదు. మనసు పడిన బాధ మాత్రం లక్షలు ఇచ్చినంత ఉంది. ఆ రోజే అమ్మ కట్టిన ముడుపు గుర్తొచ్చింది. ముడుపు కట్టేటప్పుడు ఒక్కసారే ఆలోచిస్తారు. కట్టాక ఇక ఆలోచన ఉండదు. అందులో ఉన్నది మనది కాదు. బయట ఉన్నది మనదే, దాన్ని ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఖర్చుపెట్టుకోవచ్చు.

కాబట్టి ఏడాదిలో ఒక రోజు పెట్టుకోండి. మా ఇంట్లో అది ఉగాది మర్నాడు. కొత్త ఆర్థిక సంవత్సరం కూడా ఆ రోజులకే మొదలవుతుంది గనుక లెక్కకు వీలు. ఆ రోజు వాటా తేలిపోతే, మిగిలిన 364 రోజులూ "ఇవ్వాలా, వద్దా" అన్న ప్రశ్న ఉండదు.

ఉన్నదంతా ఎందుకు ఇవ్వకూడదు?

ఈ ప్రశ్నను తేలిగ్గా దాటవేయడం నాకు ఇష్టం లేదు. 1972లో పీటర్ సింగర్ అనే తత్వవేత్త ఒక వాదం చేశారు. చెరువులో బిడ్డ మునిగిపోతుంటే బట్టలు పాడవుతాయని ఎవరూ ఆగరు కదా, మరి దూరదేశంలో ఆకలితో పోతున్న బిడ్డ విషయంలో మాత్రం మన సౌఖ్యాలు ఎందుకు అడ్డురావాలి అన్నది దాని సారం. మొదటిసారి విన్నప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. దూరం వల్ల ఆ బిడ్డ ప్రాణం విలువ తగ్గదన్న మాట ఇప్పటికీ నాకు నిజంగానే తోస్తుంది.

తిరుమలలో దానికి సరిపడే మొక్కు కూడా ఉంది. నిలువుదోపిడి మొక్కుకున్నవారు ఒంటి మీదున్న నగలన్నీ తీసి హుండీలో వేసి వస్తారు. అది జన్మకో, ఒక గండం గట్టెక్కినప్పుడో చేసేది. నెలనెలా నిలువుదోపిడి ఇచ్చుకునే ఇల్లు నిలవదు.

అది నాకు అనుభవంలోకి వచ్చింది. 2021 నవంబరులో వరద తిరుపతి లోతట్టు కాలనీలను ముంచెత్తింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లను ఖాళీ చేయించారు. మా వీధి చివర ఇళ్లలో నడుములోతు నీళ్లు. ఆ వారంలో ఆపదకని దాచిన డబ్బంతా బియ్యానికి, దుప్పట్లకు, స్టవ్వులకు ఇచ్చేశాను. జనవరిలో అమ్మ పడిపోయి తుంటి ఎముక విరిగింది. చేతిలో ఏమీ లేదు. గాజులు కుదువపెట్టాను. ఆ అప్పు కిస్తీలు కట్టిన ఏడాదిన్నరా ఎవరికీ వంద రూపాయలు ఇవ్వలేకపోయాను. ఆ వారం చేసిన సాయానికి నేను బాధపడడం లేదు. ఆ తర్వాత చేయలేకపోయిన సాయానికే బాధ.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే ఈ సామెతను చాలామంది ఇవ్వకుండా తప్పించుకోవడానికి వాడతారు, అది సరైన అర్థం కాదు. బేరంలో మొదలు అంటే పెట్టుబడి. పెట్టుబడి తినేసే బేరం చెడ్డదని సామెత చెబుతుంది, అంతే. లాభంలోంచి తీయవద్దని అనలేదు. అన్నప్రసాదం ట్రస్టుకు వచ్చే విరాళాలను బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, వాటి మీద వచ్చే వడ్డీతో తిరుమలలో అన్నం పెట్టడమూ ఈ పద్ధతే. మొదలు కదలదు, ఆకు ఖాళీగా ఉండదు.

అరవింద్ కంటి ఆసుపత్రి మన తిరుపతిలోనూ ఉంది. 1976లో మదురైలో డాక్టర్ వెంకటస్వామి పదకొండు మంచాలతో దాన్ని మొదలుపెట్టారు. డబ్బున్నవారి దగ్గర తీసుకుని, లేనివారికి ఉచితంగా చేస్తూ, ఆసుపత్రి తన కాళ్ల మీద తాను నిలబడేలా చూసుకున్నారు. మొదటి ఏడాదే అందరికీ ఉచితమని చెప్పి తలుపులు మూసుకుని ఉంటే, ఆ తర్వాత చూపు వచ్చిన లక్షల మందికి వచ్చేది కాదు. ఇల్లు కూడా అలాగే. ఇచ్చే చేయి ముప్పై ఏళ్లు ఇవ్వగలిగేలా ఉండాలి.

మొదటి అడుగు: సంపాదన ఏదో తేల్చండి

నెల జీతం వచ్చేవారికి ఇది తేలిక. కటింగులు పోగా బ్యాంకులో పడిన మొత్తమే సంపాదన. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తుంటే రెండూ కలపండి. బోనసు, అరియర్లు వేరేగా రాసుకోండి, వాటి సంగతి తర్వాత.

సేద్యం, వ్యాపారం, ఆటో, కూలి మీద బతికేవారికి మాత్రం ఒక ఏడాది లెక్క చాలదు. మన జిల్లా మామిడి రైతులను చూడండి. 2025లో తోతాపురి ధర కుప్పకూలితే, గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు కలపాలని నిర్ణయించాల్సి వచ్చింది. అంతకు ముందటి ధరలు చూసి వాటా మొక్కుకున్న రైతు ఏమైపోవాలి? ఇలాంటివారు గత మూడేళ్లలో అన్నిటికంటే తక్కువ వచ్చిన ఏడాదిని తీసుకుని, దాన్నే సంపాదన అనుకుని వాటా కట్టాలి. కాపు బాగా వచ్చిన ఏడాది, ఆ తక్కువ అంకెకు పైన మిగిలినదాంట్లో పదో వంతు అదనంగా తీయవచ్చు. పాడి ఉన్నవారికి పాల బిల్లు వేరే పట్టీలో వస్తుంది కాబట్టి, ముడుపును మామిడికి ముడిపెట్టకుండా పాల డబ్బుకు ముడిపెట్టడం ఇంకా సులువు. కొద్దికొద్దిగా, తప్పకుండా వెళుతుంది.

రెండో అడుగు: ఇంటి కట్ట ఎక్కడుందో చూడండి

చెరువుకు కట్ట ఉన్నట్టే ఇంటికీ ఒకటి ఉంటుంది. దాని కిందికి నీళ్లు దిగకూడదు. కట్టలోపల ఏమేం ఉంటాయో కాగితం మీద రాయండి: బాడుగ, తిండి, పిల్లల చదువు, కరెంటు, ఫోను, రాకపోకలు, మందులు, బీమా, అప్పుల కిస్తీలు, చీటీ. ముసలి తల్లిదండ్రులకు పంపేది కూడా కట్టలోపలే.

కట్టలో రెండు రాళ్లను చాలామంది పెట్టరు. ఒకటి ఆపద నిధి. మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండే దాకా దీనికి నెలనెలా కొంత వెళ్లాలి. వరద ఏడాది నా దగ్గర లేకుండా పోయిన రాయి ఇదే. రెండోది సంతోషం. నెలకు ఒక సినిమా, ఏడాదికి ఒక యాత్ర, పిల్లల పుట్టినరోజు. ఇవి రాసుకోని ఇంట్లో మూడో నెలలో ముడుపు విప్పేస్తారు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ భాగం అక్కడే తప్పాయి, ఆశతో కాదు, అలసటతో.

అప్పుల గురించి ఒక కచ్చితమైన మాట. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే, అది ఏడాదికి 36 శాతం. అలాంటి అప్పు నెత్తిన ఉండగా పెద్ద విరాళాలు ఇవ్వవద్దు. ముందు దాన్ని తీర్చండి. అలవాటు పోకుండా నెలకు వంద రూపాయలు మాత్రం ముడుపులో వేస్తూ ఉండండి. ఇంటి రుణం, బ్యాంకు బంగారు రుణం లాంటివైతే కిస్తీ కడుతూనే ఇవ్వవచ్చు.

ఇస్లాంలో జకాత్ అనే తప్పనిసరి దానానికి కూడా ఇలాంటి కట్ట ఉంది. దాదాపు 612 గ్రాముల వెండి లేదా 87 గ్రాముల బంగారం విలువను నిసాబ్ అంటారు. అంతకు మించిన సంపద చాంద్రమానం ప్రకారం ఏడాది పాటు చేతిలో ఉంటేనే అందులో నలభయ్యో వంతు తీయాలి. అంతకు తక్కువ ఉన్నవారికి ఆ బాధ్యతే లేదు. లేనివాడిని పిండి తీసుకునేది ధర్మం కాదని ఎంత స్పష్టంగా గీత గీశారో చూడండి.

మూడో అడుగు: బంధువులను వేరే పద్దులో రాయండి

తిరుపతిలో నన్ను ఎక్కువమంది అడిగేది దీని గురించే. "తమ్ముడి కూతురు కాలేజీ ఫీజు కట్టాను, అది దానమే కదా?"

భాగవతంలో వామనుడికి మూడడుగులు ఇవ్వబోతున్న బలికి శుక్రాచార్యుడు ఒక లెక్క చెబుతాడు. బతుకుతెరువును చెరిపే దానాన్ని పెద్దలు మెచ్చుకోరని హెచ్చరించి, సంపదను ఐదు భాగాలు చేయమంటాడు: ధర్మానికి, కీర్తికి, సంపద పెరగడానికి, తన సుఖానికి, తనవారికి. బలి ఆ మాట వినలేదన్నది అందరికీ తెలిసిన కథే. అంతటివారు వేరు, నెల జీతగాళ్లం మనం వేరు. మనకు పనికొచ్చేది ఆ పద్దుల విభజన. "ధర్మం" ఒక పద్దు, "తనవారు" మరో పద్దు. రెండూ కావాలి. ఒకటి రెండోదాన్ని మింగకూడదు.

తమ్ముడి కూతురి ఫీజు మంచి పనే, తనవారి పద్దులో రాయండి. మన ఇళ్లలో చుట్టం ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఇబ్బందిలో ఉంటారు. అది ధర్మం పద్దులో పడితే, మనకు ఏమీ కానివారికి, అడిగే దిక్కు లేనివారికి ఎన్నటికీ ఏమీ వెళ్లదు. కీర్తి పద్దు విషయంలోనూ నిజాయతీగా ఉండండి. గుడి రాతి మీద పేరు కోసం, వీధిలో వినాయక చవితి ఫ్లెక్సీలో ఫొటో కోసం ఇచ్చింది తప్పేమీ కాదు, కానీ దాన్ని ధర్మం పద్దులో రాయకండి.

హుండీలో వేసే కానుక గురించి కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. నా లెక్కలో అది దేవుడితో మనకున్న మొక్కు, భక్తి. దాన్ని నేను వేరే రాస్తాను. ఆకలితో, రోగంతో ఉన్న మనిషికి వెళ్లేది ఇంకొక పద్దు. హుండీలో వేశాం కదా అని ఆ రెండోదాన్ని మానేయడానికి నా మనసు ఒప్పుకోదు.

నాలుగో అడుగు: వాటా ఎంతో నిర్ణయించండి

ఒక భాగాన్ని ముందే గీత గీసి తీసే పద్ధతి చాలాచోట్ల ఉంది. క్రైస్తవ కుటుంబాల్లో దశమభాగం, అంటే పదో వంతు. సిక్కులకూ దస్వంద్ పేరుతో పదో వంతే. 2009లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో టోబీ ఆర్డ్ అనే తత్వవేత్త మొదలుపెట్టిన 'గివింగ్ వాట్ వుయ్ కెన్' సంస్థలో చేరేవారు కూడా తమ ఆదాయంలో కనీసం పది శాతం ఇస్తామని మాట ఇస్తారు. వీటన్నిటిలో నాకు నచ్చింది పది అనే అంకె కంటే, ఆ రోజు మనసు ఎలా ఉందన్నదాని మీద ఆధారపడకపోవడం.

మన సంపాదనకు పది శాతం మొదటి ఏడాదే కుదరకపోవచ్చు. ఒక ఇంటి లెక్క చూద్దాం. ఇది ఉదాహరణ కోసం నేను కట్టిన ఇల్లు. భర్త మందుల దుకాణంలో, భార్య ప్రైవేటు బడిలో పనిచేస్తారు. ఇద్దరికీ కలిపి చేతికి 52,000 వస్తుంది. బాడుగ 11,000, తిండి, పాలు, గ్యాసు 12,000, ఇద్దరు పిల్లల చదువు 6,000, కరెంటు, ఫోను, పెట్రోలు 4,500, మందులు, బీమా 2,500, చీటీ 5,000, బంగారు రుణం కిస్తీ 4,000, ఊళ్లో తల్లిదండ్రులకు 3,000. మొత్తం 48,000. మిగిలేది 4,000.

ఆ నాలుగు వేలూ చూసి చాలామంది "ఇక ధర్మానికి ఎక్కడుంది?" అని కాగితం మడిచేస్తారు. మడవకండి. ఆపద నిధికి 2,000, ఇంటి సంతోషానికి 1,000, ధర్మానికి 1,000. అది సంపాదనలో దాదాపు 2 శాతం. చిన్నదే. కానీ ఏడాదికి 12,000. 2019లో నేను మనసుకు తోచినప్పుడల్లా ఇచ్చినదానికి మూడు రెట్లకు మించి.

ఇప్పుడు అసలు కిటుకు. పద్నాలుగు నెలలకు బంగారు రుణం తీరిపోతుందనుకుందాం. నెలకు 4,000 చేతిలో మిగులుతుంది. అందులో సగం ధర్మానికి అని ఇప్పుడే, అప్పు ఉండగానే రాసి పెట్టుకోవాలి. అప్పు తీరిన నెల నుంచి ముడుపు 3,000 అవుతుంది, అంటే దాదాపు 6 శాతం. ఇంట్లో ఎవరికీ ఏమీ తగ్గలేదు, ఎందుకంటే ఆ డబ్బుకు వాళ్లు ఇంకా అలవాటుపడలేదు. జీతం పెరిగినప్పుడూ అంతే. పెరిగినదాంట్లో మూడో వంతు ముడుపుకు, మిగిలింది ఇంటికి అని ముందే గీత గీయండి. పెరిగిన జీతానికి అలవాటుపడ్డాక తీయాలంటే చేయి రాదు. బోనసు, అరియర్లు వస్తే వాటిలో పదో వంతు.

అంకె సరైనదో కాదో తెలుసుకోవడానికి మూడు నెలలు నడిపి చూడండి. ముడుపు తీసిన రోజు ఏమీ తెలియకుండా వెళ్లిపోతుంటే కొంచెం పెంచవచ్చు. నెలాఖరున చేబదులు అడగాల్సి వస్తుంటే తగ్గించాల్సిందే. కాస్త గుర్తుండాలి, కుంగదీయకూడదు.

ఐదో అడుగు: ముడుపు కట్టండి

నిర్ణయం మనసులో ఉంటే పది రోజుల్లో కరిగిపోతుంది. డబ్బును విడిగా పెట్టాలి. వేరే బ్యాంకు ఖాతా తెరవడం అన్నిటికంటే మేలు. దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి. జీతం పడిన మర్నాడే ముడుపు మొత్తం తనంతట తానే ఆ ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో చెప్పి పెట్టండి. నెలాఖరున మిగిలింది వేద్దామనుకుంటే ఏ నెలా మిగలదు.

ఇంట్లోనే కట్టుకుంటామంటే పసుపు గుడ్డ ఉండనే ఉంది. కూలి పనికి వెళ్లే ఇళ్లలో ఇదే బాగా నడుస్తుందని నేను గమనించాను. పాల డబ్బా మూతకు చీలిక పెట్టి పిల్లల చేత వేయించేవారూ ఉన్నారు.

ఏదో ఒక నెల వేయలేకపోతే దిగులుపడకండి, బాకీగా రాసుకోండి. మన స్వామిని వడ్డికాసులవాడని ఎందుకంటారు? పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఆయనే వడ్డీ కడుతున్నాడు, మొక్కు ఆలస్యమైతే మన దగ్గరా వడ్డీతో వసూలు చేస్తాడని అంటారు. మా ఇంట్లో ముడుపు ఆలస్యమైతే నూటికి ఒక రూపాయి కలిపి వేస్తాం. చిన్న మొత్తమే, కానీ బాకీ బాకీగానే గుర్తుంటుంది.

ఆరో అడుగు: ఎవరికి?

ఇవ్వాల్సిన డబ్బు చేతిలో విడిగా ఉన్నాక, ఎవరికివ్వాలన్న ఆలోచన నిదానంగా చేయవచ్చు. దేశం, కాలం, పాత్రత చూసి, తిరిగి మేలు చేయలేనివారికి ఇచ్చేది సాత్విక దానమని గీత చెబుతుంది. అపాత్రదానమైపోతుందేమోనన్న భయంతో ఎవరికీ ఇవ్వకపోవడం మాత్రం ఆ మాటకు అర్థం కాదు.

మా ముడుపు మూడు దారుల్లో వెళుతుంది. సగం భాగం ఏడాది పొడుగునా ఒకే చోటికి. ఒక సంస్థను బాగా తెలుసుకుని ఏళ్ల తరబడి ఇవ్వడం, పది చోట్ల వంద చొప్పున ఇవ్వడం కంటే మేలు. మన ఊళ్లో అలాంటి చోట్లకు కొదవ లేదు. 1985లో మొదలైన తిరుమల నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరిట ఉన్న భవనంలో నడుస్తోంది. ప్రాణదానం ట్రస్టు గుండె, మూత్రపిండాలు, మెదడు జబ్బుల పేద రోగుల వైద్యానికి. ఎముకలు, కీళ్ల వైకల్యాలకు బర్డ్ ఆసుపత్రి. పసిపిల్లల గుండె ఆపరేషన్లకు 2021లో తెరిచిన శ్రీ పద్మావతి హృదయాలయం. దిక్కులేని పిల్లలకు బాలమందిరం.

ప్రైవేటు సంస్థలకు ఇచ్చేముందు మూడు అడగండి: స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ వెబ్‌సైటులో నమోదు ఉందా, కిందటేడు ఆదాయ వ్యయాల లెక్క చూపిస్తారా, పని జరిగే చోటుకు రావచ్చా. మూడో ప్రశ్నకు తడబడేవారికి నేను ఇవ్వను.

రెండో భాగం, ముడుపులో మూడో వంతు, కళ్లముందు కనిపించే ఆపదలకు. ఇక్కడ ఆసుపత్రుల సంగతి కొంచెం తెలుసుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉన్న పథకం కింద చాలా ఆపరేషన్లకు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. ఎవరైనా వైద్యానికి సాయం అడిగితే ముందు ఆ కార్డు ఉందా, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను కలిశారా అని అడగండి. చాలాసార్లు ఆపరేషను ఉచితంగానే అవుతుంది. పథకంలో లేని ఖర్చులే ఇంటిని ముంచుతాయి: పలమనేరు నుంచో కుప్పం నుంచో వచ్చిపోయే బస్సు ఛార్జీలు, తోడున్న మనిషి తిండి, పోయిన కూలి, ఇంటికి వెళ్లాక వాడే మందులు. రెండు మూడు వేలతో ఒక కుటుంబం వైద్యాన్ని మధ్యలో ఆపేయకుండా చూడవచ్చు. నా ఇరవై ఏళ్ల లెక్కల్లో ఇంత తక్కువ డబ్బుకు ఇంత ఎక్కువ మేలు జరిగిన పద్దు ఇంకొకటి లేదు. ఫోనులో తిరిగే ఫొటోలకు మాత్రం వ్యక్తుల ఖాతాలో వేయకండి. ఆసుపత్రి పేరు, రోగి నంబరు అడిగి, నేరుగా ఆసుపత్రి బిల్లుకు కట్టండి.

మిగిలిన కొంచెం జేబులో చిల్లరగా ఉంటుంది, దారిలో ఎదురయ్యే చేతులకు. అది అయిపోయాక ఆ నెలకు నమస్కారం పెట్టి ముందుకు నడుస్తాను. ముఖం తిప్పుకోవాల్సిన అవసరం ఉండదు, ఇవ్వాల్సింది ఇచ్చే ఉన్నాను కదా.

ఏడో అడుగు: పన్ను

దీన్ని క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే పన్ను కోసం ఇచ్చేది ఎవరూ పెద్దగా ఇవ్వరు. విరాళాలకు ఆదాయపు పన్నులో వచ్చే, అందరూ 80జి అని పిలిచే మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానం ఎంచుకుంటే వర్తించదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, కాబట్టి బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో పంపండి. బియ్యం, బట్టలు, మందుల రూపంలో ఇచ్చినవాటికి కూడా రాదు. ముఖ్యమంత్రి సహాయ నిధి లాంటివాటికి ఇచ్చిన మొత్తానికి పూర్తిగా, చాలా సంస్థలకు సగానికి వస్తుంది. రశీదుతో పాటు సంస్థ జారీ చేసే విరాళ ధ్రువపత్రం కూడా అడిగి తీసుకోండి. మార్చిలో మా దగ్గరికి వచ్చేవారిలో సగం మందికి అదే ఉండదు. పన్ను తగ్గి చేతికి వచ్చింది తిరిగి ముడుపులోనే వేయండి.

ఎనిమిదో అడుగు: ఇంట్లో మాట్లాడుకోండి, ఏడాదికోసారి తిరగరాయండి

భార్యకు తెలియకుండా భర్త, భర్తకు తెలియకుండా భార్య ఇచ్చే దానం ఎంత గొప్పదైనా ఇంట్లో పగులు పెడుతుంది. రెండు చేతులూ ఒప్పుకున్న అంకె చిన్నదైనా అదే పెట్టండి. మేం ముడుపు మొదలుపెట్టిన కొత్తలో నేను 10 శాతం అన్నాను, మావారు 2 అన్నారు. 3 దగ్గర కలిశాం. నేను గట్టిగా పట్టుబట్టి 10 పెట్టించి ఉంటే, రెండో ఏడాదికే ముడుపు అన్న మాటే మా ఇంట్లో ఉండేది కాదు.

పిల్లలకు పదేళ్లు దాటాక వాళ్లనూ కూర్చోబెట్టండి. దారుల్లో ఒకదాన్ని వాళ్లు ఎంచుకోనివ్వండి. మా అమ్మాయి మూడేళ్లుగా వీధికుక్కల మందులకు అడుగుతోంది. నేనైతే అటు ఇచ్చేదాన్ని కాదు. కానీ ఆ అర శాతం తనది.

ఉద్యోగం పోయినా, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినా వాటాను నెలకు వంద రూపాయలకు దించేయండి. దీన్ని ముందే, బాగున్నప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. అప్పుడు దించడం ఓటమిలా అనిపించదు, రాసుకున్న ప్రకారం నడుస్తున్నట్టే ఉంటుంది. ముడుపు ఖాతాలో అప్పటికే ఉన్నది మాత్రం విప్పకూడదు. పరీక్ష ఫీజు రోజున అమ్మ విప్పలేదు.

ఉగాది మర్నాడు పాత పుస్తకం తీసి ఆ ఏడాది రశీదులు కూడండి. అనుకున్న శాతం వెళ్లిందా, ఎక్కడికి వెళ్లింది, ఇచ్చిన చోట ఏం జరిగింది అని రాసుకోండి. తర్వాత కొత్త అంకె వేసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఈ ఏడాది మా పేజీలో 8 శాతం ఉంది. దాని పక్కన మావారు పెన్సిలుతో 9 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, "అమ్మాయి డిగ్రీ అయ్యాక చూద్దాం" అని రాశారు. మొదట్లో 2 అన్న మనిషి.